రాలిన ఈకల జిగురు

స్వాతి కార్తె, రెండో రోజు

జిగురు గది ఈ రోజు నుంచి నా చేతికి వచ్చింది. గది ఎవరి చేతిలో ఉంటే వాళ్లు జరిగినవన్నీ రాసి పెట్టాలని మా ఎర్రమెట్టలో నియమం. బాగున్నవి రాయకపోయినా ఫరవాలేదు, చెడినవి మాత్రం తప్పకుండా రాయమంటారు. అందుకని చెడిన దాంతోనే మొదలుపెడుతున్నాను. సోయా పంటకి బూజు పట్టింది.

జిగురుకీ సోయాకీ ఏం సంబంధమని నా తర్వాత వచ్చేవాళ్లు అడగొచ్చు. మా జిగురు కాగితాలు అతికించేది కాదు, తినేది. తెల్లటి పొడి. చిటికెడు వేసి తిప్పితే గ్లాసుడు నీళ్లు చిక్కబడతాయి. జొన్నరొట్టె విరిగిపోకుండా పట్టి ఉంచేదీ, కూరలో నీళ్లూ నూనే విడిపోకుండా చూసేదీ అదే. దాన్ని చేసేది ఒక బ్యాక్టీరియా. భూమ్మీద అది క్యాబేజీ ఆకుల్ని కుళ్లబెట్టే తెగులట. ఇక్కడ మాత్రం మాకు ఇంటి మనిషి కిందే లెక్క. పసుపురంగులో పెరుగుతుంది కాబట్టి పసుపమ్మ అంటాం. స్టీలు పీపాలో చక్కెర నీళ్లు పోసి, గాలి ఆడిస్తూ వెచ్చగా ఉంచితే, తన చుట్టూ తనే జిగురు అల్లుకుంటుంది. కానీ ఒట్టి చక్కెరతో దానికి ఒళ్లు పట్టదు. మాంసకృత్తులున్న తిండి కూడా కొంచెం కావాలి. ఇన్నాళ్లూ సోయా పిండి వేశారు.

మిగిలిన సోయా అంతా పిల్లల పాలకేనని ఊరి సమితి ఈ రోజు తేల్చి చెప్పింది. న్యాయమే. నేనైనా అదే చెప్పేదాన్ని. కాకపోతే భూమి నుంచి వచ్చే ఓడ ఇంకా బయలుదేరనే లేదు.

స్వాతి కార్తె, పదకొండో రోజు

వంటశాలకి జిగురు ఆపేశాం. రొట్టెలు పెనం మీదే ముక్కలవుతున్నాయి. జనం నవ్వుకుంటూనే తింటున్నారు. ఉప్మా అనుకుని తినమని ఎవరో అంటే వరస మొత్తం నవ్వింది. నేనూ నవ్వాను. రొట్టె సంగతి నాకు పెద్ద దిగులు కాదు.

దిగులంతా అలివేలమ్మ గారి గురించి. ఊళ్లో అందరం ఆవిణ్ణి పెద్దమ్మా అంటాం. ఎర్ర మట్టి కింద మంచు ఎక్కడుందో వెతికి, తవ్వించి, కరిగించి, ఈ ఊరి మొదటి కుళాయి తిప్పింది ఆవిడే. కిందటి ఏడు పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యీ కాలూ పడిపోయాయి. గొంతు కూడా సగం పడిపోయింది. ఇప్పుడు మామూలు నీళ్లు తాగితే కడుపులోకి పోవాల్సినవి ఊపిరితిత్తుల్లోకి జారుతున్నాయి. జిగురు వేసి తేనెలా చిక్కబరిస్తే నెమ్మదిగా, సరైన దారిలో దిగుతాయి. ఊరందరికీ నీళ్లు తెచ్చిన మనిషి జిగురు లేనిదే గుక్కెడు నీళ్లు తాగలేదు.

ఉన్న డబ్బా ఆవిడ కోసం పక్కన పెట్టాను. సగం కూడా లేదు.

"జిగురుకి బదులు గంజి పెట్టి చూడకూడదా నస్రీన్?" అని మా డాక్టర్ని అడిగాను. నేనూ తనూ ఒకే ఓడలో వచ్చాం.

"చూశాను రత్నం. గంజి గ్లాసులో చిక్కగానే ఉంటుంది. నోట్లోకి వెళ్లాక ఎంగిలి తగిలి పలచబడిపోతుంది. మళ్లీ అదే దగ్గు. నీ జిగురైతే ఎంగిలికి లొంగదు" అంది.

స్వాతి కార్తె, పందొమ్మిదో రోజు

ఇక్కడి ఏడాది భూమి ఏడాదికి దాదాపు రెట్టింపు, కార్తెకి పాతిక రోజులు, అందుకని ఇంకా స్వాతే నడుస్తోంది. కోళ్ల గుమ్మటానికి వెళ్లాను. గుడ్లు అడుగుదామనే వెళ్లాను గానీ, నోరు తెరవకముందే ఏలియా బాబాయ్ లేదన్నాడు. సోయా పోయాక జనానికి గుడ్లే ఆధారమయ్యాయి. కోళ్లని చూసుకునేది ఆయనే. కోళ్లతో మెత్తగా మాట్లాడతాడు, మనుషుల్ని కసురుతాడు.

"గుడ్లు లేవు గానీ ఈకలు కావాలంటే పట్టుకుపో అమ్మాయ్. నీకు పుణ్యముంటుంది" అన్నాడు.

గోడ పొడుగునా సంచులు. ఇక్కడ బరువు తక్కువ కదా, ఈక ఒకసారి గాల్లోకి లేచిందంటే ఎప్పటికో గానీ కింద పడదు. తిరిగి తిరిగి వచ్చి గాలి వడపోత జాలీలకి అతుక్కుంటుంది. కాల్చేద్దామంటే మంటకయ్యే గాలి మన ఊపిరిలోదే. ఎరువు గుంటలో వేస్తే ఏడాది తర్వాత కూడా ఈకలు ఈకల్లాగే బయటికొచ్చాయట. బాబాయ్ రోజులో సగం జాలీలు దులపడానికే సరిపోతోంది.

ఒక ఈక తీసుకుని వేళ్ల మధ్య నలిపాను. గోరూ వెంట్రుకా ఏ సరుకుతో తయారవుతాయో ఈకా దాంతోనే తయారవుతుంది. అంటే దాదాపు అంతా మాంసకృత్తే. గట్టిగా తాళం వేసిన తిండి.

"బాబాయ్, రెండు సంచులు ఇస్తావా?"

"రెండేం ఖర్మ, గోడంతా తీసుకుపో" అన్నాడు. ఎందుకని కూడా అడగలేదు.

విశాఖ కార్తె, మూడో రోజు

కడిగిన ఈకల్ని ప్రెషర్ కుక్కర్ లాంటి పెద్ద పాత్రలో నీళ్లతో ఉడికించాను. ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా ఉడికి, తడిసిన ఈకలై బయటికొచ్చాయి. అంతకు మించి ఏమీ జరగలేదు.

విశాఖ కార్తె, ఏడో రోజు

చేతులకి తొడుగులూ ముఖానికి అద్దమూ పెట్టుకుని, ఈసారి కాస్టిక్ సోడా వేసి ఉడికించాను. ఈకలు కరిగాయి! గోధుమరంగు కషాయం. ఆనందంలో వాసన సంగతి ముందు గమనించలేదు. కాలిన జుట్టూ మురిగిన గుడ్డూ కలిస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. పక్కన కుట్టుగది వాళ్లు తలుపు కొట్టి, ఎవరైనా పోయారేమోనని అడిగారు.

క్షారం ఘాటు విరగాలంటే ఆమ్లం కలపాలి. హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపి, చల్లార్చి, చక్కెర నీళ్లలో పోసి పసుపమ్మని వదిలాను.

విశాఖ కార్తె, పదో రోజు

పసుపమ్మ పెరగలేదు. పీపాలో నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి.

కారణం కనుక్కోవడానికి పెద్దగా బుర్ర పెట్టనక్కర్లేకపోయింది. కాస్టిక్ సోడాకి ఆ ఆమ్లం కలిపితే వచ్చేది ఉప్పు, మనం కూరలో వేసుకునేదే. నేను దానికి భోజనం పెడుతున్నాననుకుని ఊరగాయ జాడీలో ముంచాను. పాపం.

భోజనాల దగ్గర ఈ మాట చెబితే నస్రీన్ పగలబడి నవ్వింది. నవ్వాక, "డబ్బాలో ఇంకా ఎంతుంది?" అని మెల్లగా అడిగింది. చెప్పాను. నస్రీన్ వేళ్ల మీద రోజులు లెక్కపెట్టింది.

విశాఖ కార్తె, పద్నాలుగో రోజు

ఉప్పు ఎలాగూ తప్పనప్పుడు పసుపమ్మకి పనికొచ్చే ఉప్పే తయారయ్యేలా చూడాలి. మొక్కల విభాగంలో ఎరువు కలిపే చోట పొటాష్ క్షారం ఉంది, ఫాస్ఫారిక్ ఆమ్లం ఉంది. రెండూ కలిస్తే మొక్కలకి బలం. సూక్ష్మజీవికీ కొంత కావాల్సిందే. అడిగితే ఇచ్చారు. వాళ్ల ఆకుకూరల గదికీ గాలి వడపోత జాలీలు ఉన్నాయి, ఈకల బాధ వాళ్లకీ తెలుసు.

ఈసారి కషాయం నాలిక్కి తగిలించి చూడాలనిపించింది. తగిలించలేదు. వాసనే చాలు.

విశాఖ కార్తె, పదిహేడో రోజు

పెరిగింది! పీపా అంతా పసుపు మబ్బు. అంత జోరుగా పెరగడం సోయా వేసిన రోజుల్లో కూడా లేదట. గరిటె ముంచి ఎత్తాను. నీళ్లలా జారిపోయింది. పసుపమ్మ ఉంది, జిగురు లేదు.

కుర్చీలో కూలబడ్డాను. నాకు కోపం కూడా వచ్చింది, ఎవరి మీద కోప్పడాలో తెలియలేదు.

విశాఖ కార్తె, పందొమ్మిదో రోజు

పాత రాతలు తిరగేస్తూ, సోయా ఎంతెంత వేసేవారో చూశాను. ఆశ్చర్యం, చాలా కొంచెం. నేను ఈకల కషాయం దండిగా పోశాను, పాపం కడుపు నిండా తిననీలే అని. పొరపాటు అక్కడే జరిగింది. మాంసకృత్తులు పుష్కలంగా ఉన్నంతసేపూ అది పిల్లల్ని పెట్టుకుంటూ పోతుంది. ఆ తిండి అయిపోయి చక్కెర మాత్రమే మిగిలినప్పుడే జిగురు అల్లే పనిలో పడుతుంది. పొయ్యాల్సింది గరిటెడు, నేను పోసింది బిందెడు.

ఇవాళ గరిటెడే పోశాను.

విశాఖ కార్తె, ఇరవై మూడో రోజు

పీపాలో తిప్పే రెక్క మూలుగుతోంది. మోటారు చెడిందనుకుని పరుగెత్తాను. మోటారు బాగానే ఉంది. చిక్కదనానికి తిరగలేక మూలుగుతోంది. గరిటె ముంచి ఎత్తితే తీగలా సాగి, తెగకుండా నేల దాకా వచ్చింది.

గదిలో ఒక్కదాన్నే ఉన్నాను. అయినా గట్టిగా కేక వేశాను. కుట్టుగది వాళ్లు మళ్లీ వచ్చారు.

అనూరాధ కార్తె, రెండో రోజు

కాచి క్రిముల్ని చంపి, సారాయిలో పోస్తే జిగురు తెల్లటి దారాల్లా విడిపోయింది. కడిగి, మళ్లీ కడిగి, ఆరబెట్టి, దంచాం. వాసన లేదు, రంగు లేదు. నస్రీన్ తన పరీక్షలన్నీ చేసి, తినొచ్చంది. వంటశాలలో ఈ పూట రొట్టెలు గుండ్రంగా, చెక్కు చెదరకుండా వచ్చాయి. జనం చప్పట్లు కొట్టారు. ఈకల జిగురని ముందే చెప్పాం. కోడికూర తినేవాళ్లకి ఈకతో పేచీ ఏముంటుంది? ఒకరిద్దరు ముఖం చిట్లించి, ఒక ముక్క తిని, ఇంకో రొట్టె అడిగారు.

పెద్దమ్మ సంగతి వేరు. ఆవిడ పుట్టి బుద్ధెరిగాక గుడ్డు కూడా ముట్టలేదు. ఓడ ఎక్కేముందు అన్నీ తినడం అలవాటు చేసుకోమంటే, అలాగైతే రానని చెప్పిందట. నీళ్ల పని తెలిసిన మనిషి కాబట్టి తలొగ్గి తీసుకొచ్చారు.

సాయంత్రం భోజనాల బల్ల దగ్గర ముగ్గురం కూర్చున్నాం. నేను, నస్రీన్, ఏలియా బాబాయ్.

"చెప్పకండి. అంత కడిగాక అందులో ఈక లేదు, కోడి లేదు. తెల్లపొడి. డబ్బా కూడా అదే. ఆవిడ ప్రాణం ముఖ్యమా, మన మాట ముఖ్యమా?" అన్నాడు బాబాయ్.

"ఆవిడ లేవలేకపోవచ్చు బాబాయ్, ఆవిడ నోట్లో ఏం పెట్టాలో ఆవిణ్ణి అడగకుండా ఎలా?" అన్నాను.

నస్రీన్ నా వైపే చూసింది. "రేపు ముగ్గురం వెళ్దాం" అంది.

అనూరాధ కార్తె, మూడో రోజు

పెద్దమ్మ కిటికీ పక్కన కూర్చుని ఉంది. బయట దుమ్ము గాలి తగ్గి, ఆకాశం లేత గులాబీ రంగులో తేరుకుంటోంది. ఉన్నదున్నట్టు చెప్పాను.

"కొత్త జిగురు వచ్చింది పెద్దమ్మా. సోయాకి బదులు పసుపమ్మకి కోడి ఈకలు కరిగించి పోశాం. కడిగేశాక జిగురులో ఈక ఉండదు. అయినా మీకు చెప్పకుండా ఇవ్వబుద్ధి కాలేదు."

ఆవిడకి మాట కూడదీసుకోవడానికి సమయం పడుతుంది. ఎవరం తొందరపెట్టలేదు.

"కోసిన... కోళ్లవా?"

బాబాయ్ నేల చూపులు చూశాడు. "అవునమ్మా. చాలామటుకు కోసినవే."

"వద్దు."

"పాత డబ్బా వారం పది రోజుల్లో అయిపోతుంది పెద్దమ్మా. తర్వాత ముక్కులోంచి గొట్టం వెయ్యాలి. మీకు హాయిగా ఉండదు" అంది నస్రీన్.

"వెయ్యి" అందావిడ. కోపం లేదు ఆ మాటలో. మంచు కోసం ఎక్కడ తవ్వాలో కూడా ఇలాగే చెప్పి ఉంటుంది.

ఇక చేసేదేం లేక లేచాం. గుమ్మం దాకా వచ్చాక ఏలియా బాబాయ్ ఆగిపోయాడు. చెప్పొద్దన్న మనిషే వెనక్కి తిరిగాడు.

"అమ్మా, కోడి తనంతట తాను రాల్చుకున్న ఈక అయితేనో?"

పెద్దమ్మ కళ్లు తెరిచింది. "రాలుస్తాయా?"

"ఏటా రాలుస్తాయమ్మా. పాతవి పోయి కొత్తవి వస్తాయి. గుడ్లు పెట్టేవి బోలెడున్నాయి, వాటిని కొయ్యం. నొప్పేం ఉండదు వాటికి. మన జుట్టు రాలినట్టే."

"చూపించు."

ఆయన పరుగున పోయి ఒక ఈక తెచ్చాడు. ఆవిడ మంచి చేత్తో పట్టుకుని, వెలుగుకి ఎత్తి, మొదలు దగ్గర గోటితో గీకి చూసింది. పైపులో పగులు వెతికే మనిషి చూపు.

"రక్తం... లేదు."

"ఉండదమ్మా. అది ఎండిపోయాకే రాలుతుంది."

ఈకని రెండు వైపులా తిప్పి చూసి ఒళ్లో పెట్టుకుంది. "ఇదైతే... సరే."

అనూరాధ కార్తె, తొమ్మిదో రోజు

రాలిన ఈకలు సంచుల్లో విడిగా ఉండవు, అన్నీ కలిసిపోయాయి. అందుకని కొత్తగా ఏరాల్సిందే. బాబాయ్ రోజూ గుమ్మటమంతా తిరిగి, నేల మీద పడ్డవీ గాల్లో తేలేవీ పట్టుకుని ఒక పిండి డబ్బాలో వేస్తున్నాడు. తడిసినవి, అనుమానమున్నవి పక్కన పారేస్తున్నాడు. గరిటెడు కషాయం చాలు కాబట్టి డబ్బాడు ఈకలతో పని జరుగుతుంది. అయినా ఇంకా నిండలేదు.

"తొందరగా రాల్చేలా చెయ్యలేమా బాబాయ్?" అన్నాను.

"మేత ఆపితే గబగబా రాలుస్తాయి. భూమ్మీద అలా చేసేవాళ్లట." డబ్బా మూత పెట్టాడు. "నేను చెయ్యను. చేస్తే ఆవిడ తాగదు కూడా."

నిజమే. అడిగినందుకు సిగ్గేసింది.

అనూరాధ కార్తె, పన్నెండో రోజు

పాత జిగురు అయిపోయింది. పొద్దున నస్రీన్ గొట్టం వేసేలోపే, దాహానికి ఆగలేక పెద్దమ్మ గంజి తాగబోయి ఉక్కిరిబిక్కిరైంది. మధ్యాహ్నానికి ఒళ్లు కాలుతోంది, ఛాతీలో గరగర వినిపిస్తోంది. నస్రీన్ మందులు మొదలుపెట్టి, ముక్కుకి గొట్టం వేసింది. ఆవిడ కన్నీళ్లు కారుతున్నా చెయ్యి అడ్డం పెట్టలేదు.

బయటికొచ్చి నస్రీన్, "ఇంకోసారి ఇలా అయితే నాకు భయమే రత్నం" అంది. తను భయమన్న మాట వాడగా నేను వినలేదు.

కోసిన కోళ్ల జిగురు డబ్బాల నిండా నా గదిలో ఉంది. ఒక్క చెంచా. ఎవరికీ తెలియదు. గదిలో నిలబడి ఆ డబ్బా వైపు చూశాను. తర్వాత తాళం వేసి, కోళ్ల గుమ్మటానికి పోయి, బాబాయ్‌తో పాటు ఈకలు ఏరాను. సాయంత్రానికి కుట్టుగది వాళ్లు వచ్చి చేరారు. అడక్కుండానే వచ్చారు. గుమ్మటం కింద మనుషులు చేతులు చాచి, తేలే ఈకల వెనకాల మెల్లమెల్లగా గెంతుతుంటే కోళ్లన్నీ ఒక మూలకి చేరి వింతగా చూశాయి. డబ్బా నిండింది.

అనూరాధ కార్తె, పదమూడో రోజు

పెద్దమ్మ పీపా వేరు. వాడని చిన్న పీపా ఒకటి తోమి, కాచి, అందులో మొదలుపెట్టాను. ఆవిడకి జ్వరం కొంచెం తగ్గింది.

అనూరాధ కార్తె, పందొమ్మిదో రోజు

చిన్న పీపా రెక్క మూలుగుతోంది. వినడానికి సన్నాయిలా ఉంది.

అనూరాధ కార్తె, ఇరవై రెండో రోజు

జ్వరం పోయింది, గొట్టం తీశారు. ఏం తాగుతారని అడిగితే చారు అంది. నీళ్లు అంటుందనుకున్నాం.

నేనే చేశాను. టమాటాలు మాగినవి దొరికాయి, మిరియాలు దంచాను, వంటశాల వాళ్లు దాచుకున్న ఇంగువలోంచి నలుసంత ఇచ్చారు. వడకట్టి, కొత్త జిగురు చిటికెడు వేసి, ఉండలు లేకుండా తిప్పాను. చెంచాలోంచి తేనెలా జారింది.

నస్రీన్ గొంతు మీద వేళ్లు పెట్టి చూస్తూ ఉంది. మొదటి చెంచా దిగింది. ఎదురుచూశాం. దగ్గు లేదు. రెండోది దిగింది. ఏలియా బాబాయ్ గోడకి ఆనుకుని, ఆవిడ మింగినప్పుడల్లా తనూ మింగుతున్నాడు.

గిన్నె సగమయ్యాక పెద్దమ్మ చెయ్యెత్తి ఆపమంది. నేను చెంచా గిన్నెలో పెట్టేశాను.

"ఉప్పు... చాల్లేదు" అంది.

జ్యేష్ఠ కార్తె, ఐదో రోజు

పెద్ద పీపా నుంచి వారం వారం జిగురు దిగుతోంది. గోడ పక్కన సంచులు తరిగిపోయి గోడ కనిపిస్తోంది. సోయా మళ్లీ నాటారు. కాయ పట్టినా నాకు అక్కర్లేదని సమితికి చెప్పాను, అది పిల్లలకే ఉండనివ్వమన్నాను.

పెద్దమ్మ బుగ్గలు కొంచెం నిండాయి. మాట కూడా తేటపడుతోంది, ఒంట్లోకి నీరు పోతోంది కాబట్టి అంటుంది నస్రీన్. ఈ పొద్దున నేను జిగురు కలిపిన నీళ్లు తీసుకెళ్తే గ్లాసు పక్కన పెట్టించి, "నా ఈకలు ఎవరు ఏరుతున్నారు?" అని అడిగింది.

"ఏలియా బాబాయ్. మేం కూడా వెళ్తున్నాం."

"నేనొస్తాను. నాకు కావల్సింది నేనే ఏరుకుంటాను."

"కోళ్ల దగ్గరికా పెద్దమ్మా? వాసన..."

"మంచు తవ్విన రోజుల్లో అందరం ఒకే గదిలో పడుకున్నాం. ఆ వాసన నీకు తెలీదు" అంది.

జ్యేష్ఠ కార్తె, ఆరో రోజు

చక్రాల కుర్చీలో తోసుకెళ్లాం. ఊరు కట్టినప్పటి నుంచి ఆవిడ ఆ గుమ్మటంలో అడుగు పెట్టలేదు. బాబాయ్ పొద్దున్నే నేల కడిగి, ఉతికిన చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. పెళ్లివారికి ఎదురొచ్చినట్టు ఉన్నాడు.

ఆవిణ్ణి మధ్యలో ఉంచి దూరంగా నిలబడ్డాం. ఒక తెల్ల ఈక పైనుంచి తిరుగుతూ తిరుగుతూ దిగింది. పెద్దమ్మ మంచి చెయ్యి చాచింది. ఈక వేళ్లకి అందినట్టే అంది పక్కకి జారింది. మళ్లీ చాచింది. ఈసారి దొరికింది. మొదలు గీకి చూసుకుని ఒళ్లో డబ్బాలో వేసింది.

అప్పుడొక గోధుమరంగు పెట్ట కుర్చీ దగ్గరికొచ్చి, ఆవిడ చీర అంచు మీది పువ్వుని గింజ అనుకుని టక్కున పొడిచింది. మళ్లీ పొడిచింది. అంచు పట్టుకుని లాగింది. పెద్దమ్మ భుజాలు ఒక్కసారి కదిలిపోయాయి, గొంతులోంచి ఏదో ఎగదన్నుకొచ్చింది. నస్రీన్ పరుగెత్తింది. నా చేతిలో గ్లాసు జారి, నీళ్లు నెమ్మదిగా గాల్లో పరుచుకున్నాయి.

పెద్దమ్మ తల పైకెత్తి, కళ్లు తుడుచుకుంటూ, మమ్మల్ని చూసి చెయ్యి అడ్డంగా ఊపింది. ఆవిడకి ఏమీ కాలేదు. నవ్వుతోంది.